పాయింట్లు మార్చినా బండి లాగడం లేదంటే డిస్ట్రిబ్యూటర్ అడుగున చూడాలి

ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా నేలంతా చదునే. బండికి ఎదురయ్యే ఎత్తులంటే వంతెనలే. అందుకే డెల్టాలో పాత పెట్రోలు కారుకు ఇగ్నిషన్ టైమింగ్, అంటే సిలిండరులో స్పార్కు పడే వేళ, వెనకబడినా ఏళ్ల తరబడి ఎవరికీ పట్టదు. కాలవ గట్టు రోడ్డు మీద ముప్ఫై, నలభైలో పోయే బండికి పూర్తి బలంతో పనేముంది గనక? నలుగురు మనుషులతో, డిక్కీ నిండా సామానుతో చించినాడ వంతెనో, యానాం–ఎదుర్లంక వంతెనో ఎక్కాల్సి వచ్చినప్పుడు గుట్టు బయటపడుతుంది. టాప్ గేరులో లాగదు. గేరు దించితే మూలుగుతూ ఎక్కుతుంది. పైకి చేరేసరికి ఇంజిను కాగిపోయి ఉంటుంది.

షెడ్డుకు తీసుకెళ్తే జరిగే వరస దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు కార్బ్యురేటర్ విప్పి కడుగుతారు. తర్వాత ప్లగ్గులు. ఆ తర్వాత, "సీబీ పాయింట్లు కొత్తవి వేసేశామండి, కండెన్సర్ కూడా మార్చామండి, ఇంకా రాలేదంటే కాయిలేనండి." కాయిలూ మారుతుంది. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఇందులో మెకానిక్ మోసం ఏమీ లేదు. కొత్త పాయింట్లు వేసి గ్యాప్ సరిచేస్తే నిజంగానే కొంత తేడా వస్తుంది. ఆ తేడా ఎందుకు నిలవదన్నదే అసలు ప్రశ్న.

నేను చెప్పదలచింది ఒకటే. ప్లగ్గులకు వంతులవారీగా స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని మనం కరెంటు సామానుగా చూడటానికి అలవాటుపడ్డాం. అది సగమే నిజం. పైన మూత, ప్లగ్గు తీగలకు వంతుగా కరెంటు అందించే రోటర్, కరెంటును కలిపి తెంపే పాయింట్లు కరెంటు పని చేస్తాయి. వాటి కింద తిరిగే ఇరుసు, దాన్ని పట్టే గొట్టంలాంటి బుష్, అటూ ఇటూ జరిగే బరువులు, స్ప్రింగులు ఉన్నాయి. అదొక చిన్న యంత్రం. దానికి నూనె కావాలి, అరుగుతుంది, తుప్పు పడుతుంది. పైభాగంలో ప్రతిదీ మారుస్తూ కిందిభాగాన్ని తాకకపోతే డబ్బు పోతుంది గానీ జబ్బు పోదు.

ఏ బండ్ల సంగతో ముందే చెప్పాలి. పెట్రోలు అంబాసిడర్, ఫియట్ 1100, దాని తర్వాతి పేరైన ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్, పాత పెట్రోలు జీపు. డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు. డీజిలు ఒత్తిడి వేడికే అంటుకుంటుంది, స్పార్కూ లేదు, డిస్ట్రిబ్యూటరూ లేదు. కింద ఇచ్చే కొలతలు, అంబాసిడర్ 1489 సీసీ ఇంజినుకు మూలమైన బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వారి బీ-సిరీస్ ఇంజిన్ల మీద విరివిగా వాడిన లూకాస్ 25డీ4 రకం డిస్ట్రిబ్యూటర్‌వి. లూకాస్ సామాను మన దేశంలో చేయడానికి 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ వచ్చింది కాబట్టి మన దగ్గర ఆ వంశం బాగానే కనిపిస్తుంది. ఫియట్‌ది వేరే అమరిక. సూత్రం ఒకటే, కొలతలు మాత్రం దాని పుస్తకంలోవే తీసుకోవాలి.

పాయింట్లు తెరుచుకునే క్షణం

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గులో 25 థౌ ఖాళీని, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పాతిక, స్పార్కు దాటాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పెంపకం కాయిల్ చేస్తుంది. అందులో ఇనుప కడ్డీ చుట్టూ లావు తీగ కొన్ని వందల చుట్లు, సన్న తీగ వేల చుట్లు ఉంటాయి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు లావు తీగలో మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు పారి అయస్కాంత బలం పోగవుతుంది. పాయింట్లు తెరుచుకోగానే కరెంటు తెగుతుంది, పోగైన బలం ఒక్కసారిగా కూలుతుంది, సన్న తీగలో ఇరవై వేల వోల్టుల దాకా పుడుతుంది. చేలో మోటారు పూర్తిగా పోస్తుండగా వాల్వు ఒక్కసారిగా మూస్తే పైపు దడాలున అదురుతుంది చూడండి, ఇది ఆ కోవలోదే. పారుతున్నదాన్ని ఎంత హఠాత్తుగా ఆపితే అంత పెద్ద దెబ్బ. స్పార్కు పుట్టేది పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడు. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

కండెన్సర్ పని ఇక్కడే. పాయింట్లు విడిపోతున్న ఆ కొద్ది సందులోంచి కరెంటు దూకడానికి చూస్తుంది. దూకితే ఆగడం నెమ్మదవుతుంది, స్పార్కు బలహీనపడుతుంది, పాయింట్ల మొహాలు కాలిపోతాయి. సుమారు 0.2 మైక్రోఫారడ్ ఉండే ఆ చిన్న డబ్బా ఆ కరెంటును క్షణకాలం తనలోకి తీసుకుని పాయింట్లకు దూరం జరిగే వ్యవధి ఇస్తుంది. పాయింట్ల మధ్య పెద్ద నీలి మంట కనిపిస్తే, కొత్త పాయింట్లు త్వరగా నల్లబడిపోతుంటే అనుమానం ముందు దాని మీదే పెట్టుకోవాలి. ఒక మాట: పనిచేస్తున్న పాత కండెన్సర్ ఉంటే దాన్ని ఊరికే తీసి పారేయకండి. ఇప్పుడు దొరికే వాటిలో నాణ్యత ఏమాత్రం నమ్మకమైనది కాదు.

ఈ బ్యాటరీ, కాయిల్, పాయింట్ల పద్ధతిని కార్లలో స్థిరపరచినవాడు అమెరికన్ ఇంజినీరు చార్లెస్ కెట్టరింగ్. సెల్ఫ్ స్టార్టరుతో కలిపి అతని ఏర్పాటు 1912 కాడిలాక్‌లో వచ్చింది. ఉత్తర్‌పారాలో 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయేదాకా ఉన్న కాలాన్ని తలుచుకుంటే, అందులో ఎంత భాగం ఆయన పద్ధతి మీదే నడిచిందో తెలుస్తుంది.

ఇక లెక్క. నాలుగు సిలిండర్ల ఇంజిను రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక చుట్టు తిరుగుతుంది, ఆ ఒక్క చుట్టులో నాలుగు స్పార్కులు ఇవ్వాలి. ఇంజిను 4000 ఆర్‌పీఎంలో ఉంటే నిమిషానికి 8000 స్పార్కులు. అన్నిసార్లు పాయింట్లు తెరుచుకుని మూసుకోవాలి. ఇరుసు మీద నాలుగు మూలల క్యామ్ ఉంటుంది, పాయింట్లను తెరిచేవి దాని మూలలే. ఒక్కో సిలిండరు వంతుకు 90 డిగ్రీలు. 25డీ4లో అందులో సుమారు 60 డిగ్రీలు పాయింట్లు మూసుకుని ఉండాలి, మిగతా 30 తెరుచుకుని ఉండాలి. మూసుకుని ఉండే ఈ కోణాన్నే డ్వెల్ అంటారు. సందు కొలిచే సన్న రేకు, ఫిల్లర్ గేజ్, పెట్టి చూసే 14 నుంచి 16 థౌ గ్యాప్ ఈ డ్వెల్‌ని పట్టుకోవడానికి ఒక దొడ్డిదారి కొలత మాత్రమే.

గ్యాప్ పెంచితే పాయింట్లు కాస్త ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. గ్యాప్ తగ్గితే ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి పోతుంది. డ్వెల్ ఒక డిగ్రీ మారితే ఇంజిను దగ్గర టైమింగ్ దాదాపు ఒక డిగ్రీ మారినట్టే. గ్యాప్ ముట్టుకున్న ప్రతిసారీ టైమింగ్ మళ్లీ పెట్టుకోవాలనేది ఇందుకే. షెడ్డుల్లో ఈ రెండోది మరిచిపోవడం మామూలు.

నాలుగు రోజుల్లో మళ్లీ మామూలు ఎందుకవుతుంది?

పాయింటు చేతికి కింద క్యామ్‌ని రాసుకుంటూ ఒక ఫైబర్ ముక్క ఉంటుంది. నిమిషానికి వేలసార్లు క్యామ్ మూలలు దాన్ని ఎత్తుతాయి. క్యామ్ మొహానికి గ్రీజు లేకపోతే ఆ ఫైబర్ అరుగుతుంది. అరిగితే గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి జారుతుంది, పికప్ పోతుంది, ఇంజిను వేడెక్కుతుంది. కొత్త పాయింట్లు వేసి గ్రీజు పెట్టకపోతే ఈ అరుగుదల మొదటి రోజు నుంచే మొదలవుతుంది. అంటే పాయింట్ల "జీవితకాలం" అని మనం అనుకునేదాంట్లో కొంత, అగ్గిపుల్ల తలంత గ్రీజు లేకపోవడమే.

అంతకంటే లోతైనది బుష్ అరుగుదల. డిస్ట్రిబ్యూటర్ శరీరంలో ఇరుసుని పట్టే బుష్ మామూలు కంచు గొట్టం కాదు. కంచు పొడిని ఒత్తి కాల్చి చేసిన, సన్న రంధ్రాలున్న సింటర్డ్ బుష్. ఆ రంధ్రాల్లో నూనె నిలవ ఉంటుంది. టేబుల్ ఫ్యానులో ఉండేదీ ఈ రకం బుష్షే. ఆ నూనె ఎండిపోతే ఇరుసు బుష్‌ని తింటుంది, పక్కకు ఊగడం మొదలుపెడుతుంది.

ఆ ఊగుడు ఎంతైతే ప్రమాదమో ఆలోచించండి. మనం పెట్టే గ్యాప్ మొత్తం 15 థౌ. ఇరుసు పక్కకు 5 థౌ ఊగితే గ్యాప్‌లో మూడో వంతు గాలికి పోయినట్టే. ఆగి ఉన్నప్పుడు ఫిల్లర్ గేజ్ పెడితే 15 చూపిస్తుంది, తిరిగేటప్పుడు ఒక మూల దగ్గర పన్నెండు, మరో మూల దగ్గర పదిహేడు కావచ్చు. ఒక సిలిండరుకు స్పార్కు ముందు, ఇంకోదానికి వెనక. మిస్సింగ్ వస్తుంది, ఐడిల్ నిలవదు, ఎన్ని ప్లగ్గులు మార్చినా అంతే. కార్బ్యురేటర్ మీద పడే నిందల్లో చాలావాటికి అసలు దోషి ఇదేనని నా నమ్మకం.

దీన్ని పట్టడం కష్టమేం కాదు. మూత తీసి, రోటర్ తీసి, క్యామ్‌ని రెండు వేళ్లతో పట్టి పక్కకు ఊపి చూడండి. చేతికి స్పష్టంగా కదలిక తగిలితే బుష్ పోయినట్టే. ఇంకా కచ్చితంగా కావాలంటే లేత్ షాపులో ఉండే, సన్న కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి చూడవచ్చు. డ్వెల్ మీటరు దొరికితే మరీ మంచిది. ఐడిల్‌లో చూపించే అంకెకూ, ఇంజిను రేజ్ చేస్తే చూపించే అంకెకూ మధ్య మూడు డిగ్రీలకు మించి తేడా వస్తే ఇరుసు ఊగుతున్నట్టు లెక్క.

బరువులు, స్ప్రింగులు: ఎవరూ చూడని అంతస్తు

పాయింట్లు ఉన్న పళ్లెం కింద రెండు బరువులు, వాటిని లోపలికి లాగే రెండు స్ప్రింగులు ఉంటాయి. ఇవెందుకో తెలియాలంటే మళ్లీ చిన్న లెక్క కావాలి. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం అంటుకుని పూర్తి ఒత్తిడికి రావడానికి కొంత సమయం పడుతుంది. ఇంజిను వెయ్యి ఆర్‌పీఎంలో ఉంటే ఒక మిల్లీసెకండులో క్రాంక్ 6 డిగ్రీలు తిరుగుతుంది. నాలుగు వేలలో ఉంటే అదే మిల్లీసెకండులో 24 డిగ్రీలు. మంటకు కావాల్సిన సమయం ఆ దామాషాలో తగ్గదు గనక వేగం పెరిగేకొద్దీ స్పార్కు ముందుగా పడాలి. వేగానికి బరువులు బయటికి విచ్చుకుని క్యామ్‌ని తిరిగే దిశలోనే కాస్త ముందుకు తిప్పుతాయి. ఇదే సెంట్రిఫ్యూగల్ అడ్వాన్స్.

స్ప్రింగులు రెండూ ఒకలా ఉండవు. ఒకటి సన్నగా ఉండి మొదటి నుంచీ పట్టి ఉంటుంది. రెండోది లావుగా, కొక్కెం దగ్గర వదులుగా ఉంటుంది, వేగం పెరిగాకే పట్టుకుంటుంది. లావు స్ప్రింగు వదులుగా ఉందని చూసి సాగిపోయిందనుకుని కొక్కెం నొక్కి బిగించేవాళ్లున్నారు. అది అలాగే ఉండాలి. బిగిస్తే అడ్వాన్స్ మొత్తం తేడా అవుతుంది.

ఇక్కడ మన వాతావరణం అడుగుపెడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, మిగతా డెల్టాలో కాలవలు, చెరువులు, కొబ్బరితోటల తేమ. పైగా ఇప్పుడీ బండ్లలో చాలావాటిని పెళ్లికో పండక్కో తప్ప బయటికి తీయరు. నెలల తరబడి షెడ్డులో నిలబడ్డ బండిలో బరువుల మేకులు తుప్పు పడతాయి. విచ్చుకోకుండా బిగుసుకుంటే అడ్వాన్స్ ఉండదు, వంతెన ఎక్కేటప్పుడు కనిపించే నీరసం అదే. విచ్చుకున్నచోటే బిగుసుకుపోతే ఇంకో ప్రమాదం: స్టార్టింగులో స్పార్కు ముందే పడి ఇంజిను వెనక్కి తంతుంది. హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసేవాళ్లకు మణికట్టు విరిగే తన్ను అది.

పరీక్ష నిమిషం కూడా పట్టదు. ఇంజిను ఆపి, మూత తీసి, రోటర్‌ని అది తిరిగే దిశలో వేళ్లతో మెల్లగా తిప్పండి. స్ప్రింగు పట్టు తెలుస్తూ కొద్దిగా తిరగాలి, వదలగానే తనంతట తాను పూర్తిగా వెనక్కి రావాలి. తిరగకపోయినా, తిరిగి సగంలో ఆగిపోయినా, పట్టు లేకుండా వేలాడినా కింద పని ఉంది. పాత కారు కొనడానికి వెళ్లినవాళ్లు పెయింటు వైపు చూసే ముందు ఇది చేస్తే మంచిది.

పక్కన ఉండే వాక్యూమ్ డబ్బాది మరో పని. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు సిలిండరులోకి వెళ్లే మిశ్రమం పలచగా ఉండి నెమ్మదిగా మండుతుంది. అప్పుడు కార్బ్యురేటర్ నుంచి వచ్చే పీల్పు డబ్బాలోని పలచటి పొరని, అంటే డయాఫ్రంని, లాగి, పాయింట్ల పళ్లేన్ని తిప్పి మరికొంత అడ్వాన్స్ ఇస్తుంది. చదును రోడ్డు మీద నెమ్మదిగా పోయే డెల్టా బండికి మైలేజీ ఇచ్చేది ముఖ్యంగా ఇదే. సన్న గొట్టం కార్బ్యురేటర్ దగ్గర ఊడదీసి నోటితో పీల్చండి. పళ్లెం కదలాలి, నాలుకతో మూస్తే అక్కడే నిలబడాలి. గాలి వచ్చేస్తుంటే డయాఫ్రం చినిగినట్టు. గొట్టాన్ని బోల్టుతో మూసేసి పంపించడం మన దగ్గర తరచు చూసే వైద్యం. బండి నడుస్తుంది, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది.

నూనె ఎక్కడ, ఎంత, ఏది

రోటర్ పైకి లాగితే క్యామ్ నడినెత్తిన ఒక స్క్రూ కనిపిస్తుంది. దాన్ని విప్పక్కర్లేదు. మూడు నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ దాని మీద వేస్తే పక్కల సందులోంచి దిగి క్యామ్‌కీ ఇరుసుకీ మధ్య చేరుతుంది. కొన్ని రకాల్లో స్క్రూకు బదులు ఫెల్ట్ ముక్క ఉంటుంది, అది తడిసేలా వేయాలి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు క్యామ్ ఇరుసు మీద జరగాలంటే ఈ నూనే ఆధారం. క్యామ్‌కీ పళ్లేనికీ మధ్య ఉండే సందులోంచి ఇంకొన్ని చుక్కలు కిందికి వదిలితే బరువులకు అందుతుంది, కొంత ఇరుసు వెంట బుష్‌కూ దిగుతుంది. పాయింటు చెయ్యి తిరిగే చిన్న మేకుకు ఒకే ఒక్క చుక్క. క్యామ్ మొహానికి పలచగా గ్రీజు. ఇంతే. పాత జీపుల్లాంటి కొన్నింటికి డిస్ట్రిబ్యూటర్ శరీరం మీదే నూనె వేసే మూత విడిగా ఉంటుంది, దుమ్ము పేరుకుని అది ఉన్నట్టే కనపడదు, తుడిచి వెతకాలి.

ఆనాటి పుస్తకాలు ఈ పని 3000 మైళ్లకోసారి, అంటే దాదాపు 5000 కిలోమీటర్లకు చేయమన్నాయి. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని బండికి ఆ లెక్క పనికిరాదు. వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి వేస్తే చాలు.

ఏ నూనె అంటే, ఇంజినులో పోసేదే. చాసిస్ గ్రీజు పనికిరాదు. వేడికి కరిగి క్యామ్ మీదినుంచి పాయింట్ల మొహాల మీదికి చిమ్ముతుంది, అక్కడ కాలి నల్లటి పొర కడుతుంది. ఎక్కువ వేడిని తట్టే గ్రీజు, అదీ పలచగానే రాయాలి. బరువులకు గ్రీజు అసలే వద్దు, చిక్కబడి వాటిని కదలనివ్వదు. కోనసీమ కాబట్టి ఇది కూడా చెప్పాలి: ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేయకండి. పాతిక డిగ్రీల లోపు అది గడ్డకడుతుంది, నిలవుంటే జిగురవుతుంది. తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు తడిసిన మూతను ఆరబెట్టడానికి బాగుంటాయి గానీ బుష్‌కు అవి నూనె కావు. రంధ్రాల్లో మిగిలి ఉన్న నూనెను కూడా కడిగేస్తాయి. నాలుగు చుక్కలు మంచిదైతే నలభై ఇంకా మంచిదనుకోవడం మరో పొరపాటు. పాయింట్ల మీద పడ్డ నూనె స్పార్కునే చంపేస్తుంది.

విప్పాల్సి వస్తే

బుష్ ఊగుతుంటే, బరువులు బిగుసుకుంటే నూనెతో సరిపోదు, విప్పాల్సిందే. ముందు ఒకటో సిలిండరు పిస్టన్ కంప్రెషన్‌లో పైభాగానికి వచ్చేలా ఇంజినుని తిప్పి, రోటర్ ఎటు చూస్తోందో డిస్ట్రిబ్యూటర్ శరీరం మీద గీత గీసుకోవాలి, ఫోనుతో ఫోటోలు తీసుకోవాలి. లూకాస్‌లో శరీరాన్ని బిగించే క్లాంప్ బోల్టుని వదిలేసి, ఆ క్లాంప్ రేకుని ఇంజినుకు పట్టే రెండు బోల్టులు మాత్రమే తీస్తే టైమింగ్ చాలావరకు చెదరదు. సముద్రం దగ్గరి బండ్లలో ఒక చిక్కుంది. అల్యూమినియం శరీరం ఇంజిను రంధ్రంలో తెల్లపొడి పట్టి అతుక్కుపోతుంది. సుత్తి దెబ్బకు అది పగులుతుంది. తుప్పు వదిలే నూనె వేసి రాత్రంతా వదిలి, పొద్దున్నే కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

పాయింట్లు, కండెన్సర్, పళ్లెం తీశాక బరువులు కనిపిస్తాయి. ఏ స్ప్రింగు ఏ మేకుకు ఉందో, క్యామ్ ఏ వైపుకి ఉందో గుర్తు పెట్టుకోకుండా ఏదీ లేపకూడదు. క్యామ్ సగం చుట్టు తేడాగా కూడా కూర్చుంటుంది. దాని అడుగున చిన్న అంకె చెక్కి ఉంటుంది. 10 అని ఉంటే డిస్ట్రిబ్యూటర్ గరిష్ఠంగా ఇచ్చే అడ్వాన్స్ 10 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 20. పాత సామాన్లలోంచి వేరే డిస్ట్రిబ్యూటర్ తెచ్చి వేసేవాళ్లు ఈ అంకె చూడాలి. బయటికి రెండూ ఒకలాగే ఉంటాయి, లోపలి అంకె వేరైతే ఇంజిను వేరేలా నడుస్తుంది. వాక్యూమ్ డబ్బాకు సన్న దంతాల గుండ్రటి నట్టు, దాని పక్కన చిటికెన వేలి గోరంత స్ప్రింగు ఉంటాయి. గుడ్డ పరచుకుని విప్పండి. నేల మీద పడితే అవి దొరకవు.

అడుగున గేరుతో కలిసే పళ్ల ముక్కని, అంటే డాగ్‌ని, పట్టుకుని అడ్డంగా ఒక మేకు ఉంటుంది. దాన్ని పంచ్‌తో కొట్టి తీస్తే ఇరుసు పైకి వస్తుంది. డాగ్ పళ్లు నట్టనడుమ ఉండవు, ఒక పక్కకు జరిగి ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్ ఇంజినులో తిరగబడి కూర్చోకుండా ఆ ఏర్పాటు. మళ్లీ బిగించేటప్పుడు డాగ్‌నే తిరగేసి ఇరుసుకు పెడితే మాత్రం ఆ రక్షణ మీకే ఎదురు తిరుగుతుంది. రోటర్ ఒకటికి బదులు నాలుగో ప్లగ్గు వైపు చూస్తుంది, బండి స్టార్ట్ కాకుండా కార్బ్యురేటర్‌లోంచి పేలుతుంది. విప్పకముందే డాగ్‌కూ రోటర్‌కూ ఉన్న పొంతన గీసుకోవడం ఇందుకే.

బుష్ సంగతి ఓపికగా చూసుకోవాలి. కొత్త సింటర్డ్ బుష్‌ని పొడిగా బిగించకూడదు. పలచటి ఇంజిన్ ఆయిల్‌లో 24 గంటలు పూర్తిగా మునిగి ఉండాలని లూకాస్ సూచన. తొందరైతే 100 డిగ్రీల వేడి నూనెలో రెండు గంటలు ఉంచి, ఆ నూనెలోనే చల్లారనివ్వాలి. ఒత్తాక రంధ్రం బిగుతుగా ఉందని, రంధ్రాన్ని పెద్దది చేసే రీమర్ తిప్పితే మొహం మీది రంధ్రాలు పూడుకుపోతాయి, నూనె బయటికి రాదు. అందుకే సరైన కొలత బుష్ తెచ్చి, నున్నటి మేకు లోపల ఉంచి ప్రెస్సుతో ఒత్తించాలి. రాజమండ్రిలోనో భీమవరంలోనో ఏ లేత్ షాపుకెళ్లినా గన్‌మెటల్ అనే కంచు కడ్డీలోంచి గంటలో బుష్ తిప్పిచ్చేస్తారు. అదీ పనిచేస్తుంది. కానీ గట్టి గన్‌మెటల్ నూనెను తనలో దాచుకోదు. లోపల నూనెకు గాడి పెట్టించాలి, నూనె తరచుగా వేయాలి. నన్నడిగితే సింటర్డ్ బుష్ దొరికినంతవరకు దానికే ఓటు. ఇరుసే అరిగి మెట్టు పడి ఉంటే ఏ బుష్షూ కాపాడదు, ఇరుసూ మార్చాలి.

మళ్లీ కూర్చేటప్పుడు రెండుచోట్ల ఎక్కువ జాగ్రత్త. కదిలే పళ్లేన్ని శరీరానికి కలిపే చిన్న ఎర్త్ తీగ, పాయింట్లకు వచ్చే సన్న తీగ రెండూ ఏళ్ల కదలికకు లోపలే తెగి, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఆగి, వదిలితే అందుకునే వింత మిస్సింగ్ ఎక్కువగా వీటిదే. మెత్తగా వంగే తీగే వేయాలి. రెండోది, పాయింటు స్ప్రింగు దగ్గరి ఇన్సులేషన్ వాషర్ల వరస. ఒకటి తప్పినా తీగ డిస్ట్రిబ్యూటర్ శరీరానికి ఆనుకుని స్పార్కు పూర్తిగా పోతుంది. కొత్త పాయింట్ల మొహం మీద తుప్పు పట్టకుండా రాసిన పొర ఉంటుంది, పెట్రోలు గుడ్డతో తుడవాలి. ఎమరీ పేపరుతో రుద్దకండి, దాని పొడి టంగ్‌స్టన్ మొహంలో ఇరుక్కుంటుంది.

మూత, రోటర్ మీద రెండు ముక్కలు చాలు. మూత లోపల సన్నటి నల్ల గీతలు కనిపిస్తే స్పార్కు తేమ వెంట దారి చేసుకున్నట్టు, మూత మార్చాలి. లంక గ్రామాల కాజ్‌వేల మీద నీళ్లలో దిగిన బండికి ఫ్యాను చిమ్మే నీరు నేరుగా ఇక్కడికే వస్తుంది. మధ్యలో ఉండే కార్బన్ బొగ్గు స్ప్రింగు మీద ఆడుతూ ఉండాలి. ఇప్పుడు దొరికే రోటర్లలో కొన్ని మధ్య రివెట్ దగ్గరే ఇరుసులోకి స్పార్కు వదిలేస్తాయి, బయటికి కొత్తగా మెరుస్తుంటాయి. పాతది పగలకుండా ఉంటే డాష్‌బోర్డులో దాచుకోండి.

పాయింట్ల గొడవే వద్దని ఎలక్ట్రానిక్ మాడ్యూలు పెట్టించుకునేవాళ్లున్నారు. మంచిదే. ఫైబర్ అరుగుదల, కండెన్సర్ తలనొప్పి రెండూ పోతాయి. కానీ బిగుసుకున్న బరువుల్ని అది విప్పదు, చినిగిన డయాఫ్రంని కుట్టదు, ఊగే ఇరుసుని నిలబెట్టదు. కిందిభాగం బాగు చేశాకే దాని మీద ఖర్చు పెట్టాలి. బాగు చేశాక చాలామందికి దాని అవసరం కనిపించదు కూడా.

చివరగా టైమింగ్. 12 వోల్టుల బల్బుకు ఒక తీగ కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే కొసకు, ఇంకో తీగ ఇంజిను లోహానికి కలిపి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. పాయింట్లు మూసుకుని ఉంటే బల్బు ఆరి ఉంటుంది, తెరుచుకోగానే వెలుగుతుంది. క్రాంక్ పుల్లీ గుర్తు పుస్తకం చెప్పిన డిగ్రీ దగ్గర ఉన్నప్పుడు, డిస్ట్రిబ్యూటర్ శరీరాన్ని మెల్లగా తిప్పుతూ బల్బు వెలిగే చోట బిగించాలి. బీ-సిరీస్‌లో రోటర్ గడియారానికి ఎదురుదిశలో తిరుగుతుంది, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ప్లగ్గు తీగలు ఆ దిశలోనే వరసగా పెట్టాలి. పుస్తకం అంకె ఆ రోజుల పెట్రోలుకు చెప్పినది, ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోలు వేరు. కాబట్టి ఆ అంకె దగ్గర మొదలుపెట్టి, వంతెన ఎక్కించి, నాకింగ్, అంటే ఇంజినులో టకటక మోత, వినపడితే కాస్త వెనక్కి, నీరసంగా ఉంటే కాస్త ముందుకు జరుపుకోవచ్చు.

కొత్త ఫైబర్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే క్యామ్‌కు సరిపడేలా కొంచెం అరిగి కుదురుకుంటుంది. అప్పుడు గ్యాప్ ఒకసారి మళ్లీ కొలిచి, తగ్గి ఉంటే సరిచేసి, వెంటనే బల్బు పెట్టి టైమింగ్ కూడా చూసుకోవాలి.